కోడి రామమూర్తి నాయుడు: బలప్రదర్శనను ఎలా అర్థం చేసుకోవాలి?

విశాఖపట్నం బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి నాయుడు విగ్రహం ఉంది. ఆయన పేరు చెప్పగానే ఛాతీ మీదికెక్కిన ఏనుగు, తెగిన ఇనుప గొలుసు, కదలకుండా ఆగిపోయిన మోటారు కార్లు గుర్తుకు వస్తాయి. ప్రదర్శన కళలను అధ్యయనం చేస్తున్న మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది కళా? కేవలం కండబలమా?

వీరఘట్టంలో పుట్టిన రామమూర్తి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తర్వాత సొంత సర్కస్ కంపెనీ స్థాపించి దేశమంతా తిరిగారు. 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులస్' అనే బిరుదులు పొందారు. 1942లో మరణించారు.

ఆయన ప్రదర్శనపై సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి, అందులో ఏదో కిటుకు ఉందన్న అనుమానం. రెండు, అది దైవదత్తమైన బలమన్న ఆరాధన. పరస్పరం విరుద్ధంగా కనిపించినా, ఈ రెండూ ఒకే పొరపాటు చేస్తాయి. రెండింటిలోనూ సాధనకు చోటు లేదు.

మొదటిదాన్ని పరిశీలిద్దాం. ఇలాంటి ప్రదర్శనల్లో ఛాతీ మీద చెక్క పలక వేసి ఏనుగును నడిపిస్తారు. పలక బరువును విస్తరింపజేస్తుంది. దాని అంచులు నేలకు ఆనితే కొంత భారం నేల మీద పడుతుంది. అయితే ఏనుగు బరువు టన్నుల్లో ఉంటుంది. మిగిలిన భారమైనా మామూలు మనిషి పక్కటెముకలను విరిచేయగలదు. కాబట్టి పలక మోసం కాదు, పరికరం. రేవులో మూటలు మోసిన కళాసీకి ఈ సంగతి తెలుసు. బరువును ఎక్కడ ఆనించాలో, ఊపిరి ఎప్పుడు బిగించాలో తెలియకపోతే కండ ఒక్కటే చాలదు.

రామమూర్తి సాధనకు మూలం ఆ ఊపిరే. ఆయన వ్యాయామంతో ప్రాణాయామాన్ని జోడించారు. శాకాహారిగా జీవించారు. ఆయన కాలంలోనే ప్రపంచ ప్రసిద్ధుడైన యూజెన్ శాండో కండరాల సౌష్ఠవాన్ని ప్రేక్షకుల కంటికి చూపించాడు. రామమూర్తి చూపాలనుకున్నది కంటికి కనిపించేది కాదు.

ఇప్పుడు బిరుదు దగ్గరికి వద్దాం. భీముడి బలం పుట్టుకతో వచ్చింది. ఆ పోలికతో రామమూర్తి ఏళ్ల తరబడి చేసిన కృషి మరుగున పడింది. కానీ భీముడు వాయుపుత్రుడని గుర్తు చేసుకోండి. గాలిని స్వాధీనం చేసుకున్న మనిషికి ఆ పేరు తగినదే. జనం మాత్రం అందులో గదనే చూశారు.

ఈ అపార్థానికి ప్రేక్షకులను మాత్రమే నిందించలేం. టిక్కెట్టు కొని వచ్చినవారికి సర్కస్ ఏనుగును చూపగలదు, నిగ్రహాన్ని చూపలేదు. బడిలో నేర్పదగిన విద్యను ఆయన డేరాలోకి తీసుకువెళ్లారు. దానివల్ల కీర్తి పెరిగింది, బోధన వెనకబడింది. నా దృష్టిలో ఇది ఆయన ఎంచుకున్న ప్రదర్శన రూపానికి ఉన్న పరిమితి. ఆయన నిష్ఠలో లోపం లేదు.

అభ్యాసం: మీ ఊరి తిరునాళ్లలో చూసిన ఒక సాహస ప్రదర్శనను తీసుకోండి. అందులో పరికరం ఏది, సాధన ఏది, ప్రేక్షకుడికి కనిపించనిది ఏది? పది వాక్యాల్లో రాయండి.