కాలు నేల తాకకుండా

బ్రిటన్‌లో వందేళ్లకు పైగా సాగుతున్న మోటారు సైకిల్ ట్రయల్స్‌లో, ఒకటి రెండు పోటీలు మినహాయిస్తే, వేగంగా వెళ్లినవాడికి ఒరిగేదేమీ లేదు. కొండవాగులో రాళ్లు, నాచు, బురద, చెట్ల వేళ్లు ఉన్నచోట చూసి దారి గుర్తు పెడతారు. ఆ ముక్కను సెక్షన్ అంటారు. గట్టు మీద ఒక పరిశీలకుడు నిలబడి ఉంటాడు. కాలు ఒకసారి నేలకు ఆనితే 1 మార్కు, పదే పదే ఆనితే 3, బండి ఆగిపోతే 5. చివరికి ఎవరి లెక్కలో మార్కులు తక్కువో వాళ్లదే గెలుపు. ఈ ఆటంటే నాకు ప్రాణం. దీనికోసం 1950, 60 దశకాల్లో టూ స్ట్రోక్ బండ్లు కట్టిన చిన్న చిన్న బ్రిటిష్ వర్క్‌షాపులంటే అంతకంటే ఇష్టం. ఈ వారం కాలమ్ వాళ్లకే.

అప్పటిదాకా ట్రయల్స్‌ను ఏలినవి ఏరియల్, మ్యాచ్‌లెస్ లాంటి పెద్ద కంపెనీల ఫోర్ స్ట్రోక్ బండ్లు. 350 సీసీవి, 500 సీసీవి. నూరు కిలోలు దాటిన ఆ బరువును తడిసిన బండరాయి మీద నిలబెట్టాలంటే రైడరుకు ఒంట్లో సత్తువ ఉండాలి. టూ స్ట్రోక్ ఆ బరువు దించింది. అదెలాగో పుస్తకంలో చదివినదానికంటే విజయవాడ ఆటోనగర్‌లో మద్రాసులో తయారైన ఒక పాత ఎన్‌ఫీల్డ్ షేర్పా బండి టూ స్ట్రోక్ ఇంజిన్ విప్పుతుంటే పక్కన కూర్చున్నప్పుడు నాకు బాగా అర్థమైంది. హెడ్డు తీస్తే వాల్వులు లేవు, క్యామ్ లేదు. సిలిండర్ గోడకు కిటికీల్లాంటి పోర్టులు ఉన్నాయి. పిస్టన్ పైకీ కిందికీ పోతూ తానే వాటిని మూస్తుంది, తానే తెరుస్తుంది. మెకానిక్ క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ, "చూడండి సార్, ఇంతే దీని సంసారం" అన్నాడు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి రగిలే పెట్రోలు ఇందులో ప్రతి చుట్టుకూ రగులుతుంది. దానికి బరువైన ఫ్లైవీల్ తోడైతే, మనిషి నడిచేంత వేగంలోనూ ఇంజిన్ ఊపిరి వదలకుండా లాగుతుంది. ట్రయల్స్‌కు కావలసింది సరిగ్గా అదే.

ఆ షేర్పా ఇంజిన్ డిజైను విలియర్స్ వాళ్లది. ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో సైకిల్ భాగాలతో మొదలై, 1913 నుంచి టూ స్ట్రోక్‌లు చేసిన కంపెనీ అది. గడ్డి కోసే యంత్రానికీ మోటారు సైకిలుకూ, అడిగినవాడికల్లా ఇంజిన్ అమ్మేది. చిన్న తయారీదారులకు ప్రాణం పోసింది ఈ అమ్మకమే. ఇంజిన్ తయారు చేయాలంటే పెద్ద ఫ్యాక్టరీ కావాలి. ఫ్రేము కట్టాలంటే గొట్టాలు వంచి, అతికించి, నిలువు సరిచూసే నాలుగు చేతులు చాలు. గ్లోస్టర్‌లో కాటన్, మాంచెస్టర్‌లో డాట్, ఎసెక్స్‌లోని తండర్‌స్లీ ఊళ్లో గ్రీవ్స్ ఇలా బతికినవే.

వీటిలో గ్రీవ్స్ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బెర్ట్ గ్రీవ్స్ మొదట కట్టింది మోటారు సైకిలు కాదు. ఆయన బంధువు డెర్రీ ప్రెస్టన్-కాబ్‌కు కాళ్లు పనిచేసేవి కావు. గ్రీవ్స్ గడ్డి కోసే యంత్రం ఇంజిన్‌ను ఆ బంధువు చక్రాల కుర్చీకి బిగించడంతో కథ మొదలైందని చెబుతారు. దాని నుంచి ఇన్‌వాకార్ అనే వికలాంగుల వాహనాల కంపెనీ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చినవారికి ప్రభుత్వం ఆ బండ్లు ఇప్పించింది. ప్రెస్టన్-కాబ్ ఆ సంస్థలో అమ్మకాలు చూసేవారు. కుదుపు నడుముకు తగలకుండా ఉండాలని ఆ బండ్లకు వాడిన రబ్బరు సస్పెన్షన్, 1950ల మొదట్లో కట్టిన గ్రీవ్స్ మోటారు సైకిళ్లకు వచ్చింది. ముందు చక్రాన్ని మోసే చేతులు పైకి ఊగినప్పుడు రబ్బరు బుష్ తానూ మెలిపడి, మళ్లీ వెనక్కి లాగుతుంది. నడవలేని మనిషి సుఖం కోసం ఆలోచించిన ఏర్పాటు, స్కాట్లండ్ కొండల్లో రాళ్ల మీద బండి నడిపేవాళ్లకు అక్కరకొచ్చింది. మోటారు సైకిళ్ల చరిత్రలో నాకు ఇంతకంటే గొప్పగా తోచే సంగతి మరొకటి లేదు.

గ్రీవ్స్ ఫ్రేము ఇంకో అద్భుతం. స్టీరింగ్ తల నుంచి ఇంజిన్ కిందికి దిగే ముందు గొట్టం స్థానంలో వాళ్లు అల్యూమినియం మిశ్రమంతో పోత పోసిన దూలం పెట్టారు. మామూలు గొట్టానికి వెల్డింగ్ దగ్గర బీట పడుతుంది. ఇక్కడ తల గొట్టం చుట్టూనే లోహం పోస్తారు, అతుకే లేదు. న్యూ మిల్టన్‌లోని సామీ మిల్లర్ మ్యూజియంలో ఒక గ్రీవ్స్ దగ్గర వంగి ఆ పోత చూశాను. అందం కోసం చేసింది కాదది. అయినా పని తెలిసిన చేయి పోసిందని చూడగానే తెలుస్తుంది.

కంపెనీలో పోటీల వ్యవహారం చూసినవాళ్లు రైడర్లే. బ్రయన్ స్టోన్‌బ్రిడ్జ్ అనే పేరున్న రైడర్ 1950ల చివర్లో అక్కడ చేరి, 197 సీసీ విలియర్స్ ఇంజిన్‌ను విప్పి, పోర్టులు సానబెట్టి, అది ఇవ్వగలిగిందంతా రాబట్టాడు. 1959లో కారు ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత డేవ్ బికర్స్ 1960, 61లలో గ్రీవ్స్ మీద 250 సీసీ మోటోక్రాస్ యూరోపియన్ చాంపియన్ అయ్యాడు. ట్రయల్స్ మోడల్‌కు 'స్కాటిష్' అని పేరు పెట్టారు, ఏటా ఫోర్ట్ విలియం నుంచి సాగే స్కాటిష్ సిక్స్ డేస్ అనే ఆరు రోజుల పోటీ మీద గౌరవంతో. ఆదివారం బురదలో దిగినవాళ్లే సోమవారం బల్ల దగ్గర కూర్చుంటే బండి ఎందుకు మెరుగవదు?

మిగతావాళ్లు ఇంకా చిన్నవాళ్లు. వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో ఫ్రాంక్ హిప్కిన్ నడిపిన స్ప్రైట్ బండిని విడిభాగాల కిట్‌గా అమ్మింది. పూర్తి బండి మీద కొనుగోలు పన్ను పడేది, కిట్ మీద పడేది కాదు. కొన్నవాడు షెడ్డులో తానే బిగించుకునేవాడు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. సొంత చేత్తో బిగించిన బండి వాగు మధ్యలో ఆగిపోతే, ఏ బోల్టు దగ్గర చూడాలో ఆ మనిషికి తెలుస్తుంది.

దెబ్బ స్పెయిన్ నుంచి వచ్చింది. ఏరియల్ మీద పేరు తెచ్చుకున్న సామీ మిల్లర్ 1964 చివర బార్సిలోనా వెళ్లి, బుల్టాకో కంపెనీకి షేర్పా అనే 250 సీసీ టూ స్ట్రోక్ తీర్చిదిద్దాడు. మన ఎన్‌ఫీల్డ్ షేర్పాకూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. 1965లో దాని మీదే స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. గ్రీవ్స్ ఊరుకోలేదు. విలియర్స్ కింది భాగం మీద తన సొంత సిలిండర్ బిగించి ఆంగ్లియన్ అనే మోడల్ తెచ్చింది. 1969లో బిల్ విల్కిన్సన్ ఆ ఆంగ్లియన్ మీద స్కాటిష్ గెలిచాడు. ఆ పోటీలో బ్రిటిష్ బండి చివరి గెలుపు అదే.

అప్పటికే విలియర్స్ బయటివాళ్లకు మోటారు సైకిల్ ఇంజిన్లు అమ్మడం ఆపేసింది. యార్క్‌షైర్‌లో కొత్తగా వచ్చిన డేల్స్‌మన్ ఆస్ట్రియా నుంచి పుఖ్ ఇంజిన్లు తెచ్చుకుంది; గ్రీవ్స్ కూడా పాత్‌ఫైండర్ మోడల్‌కు అదే దారి పట్టింది. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ రావడంతో కిట్‌లకున్న లాభమూ పోయింది. ఆ దశకం ముగిసేలోపు గ్రీవ్స్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇంజిన్ ఇంకొకడి చేతిలో ఉండటమే వీళ్లను బతికించింది, అదే ముంచింది. అయినా ఇంజిన్ కొనుక్కుని ఫ్రేము మీద బుర్ర పెట్టడమే సరైన నిర్ణయమని నా నమ్మకం. అన్నీ తామే చేయాలని కూర్చుంటే గ్రీవ్స్ దూలం పుట్టేదే కాదు.

ఈ బండ్లు అరుదవడానికి కారణం తక్కువ చేయడం ఒక్కటే కాదు, విపరీతంగా వాడటం. ప్రతి వారం రాళ్ల మీద పడి, ఫుట్‌రెస్టులు వంగి, మడ్‌గార్డులు మారి, ఒకదాని చక్రం ఇంకొకదానికి చేరింది. స్కాట్లండ్‌లోని కిన్‌లాక్‌లెవెన్‌లో, 1965కు ముందునాటి బండ్లకు జరిగే ప్రీ-65 పోటీకి ఇప్పటికీ రైడర్లు ఎగబడతారు. అక్కడికొచ్చే కొన్ని బండ్లు పేరుకు పాతవే, లోపల మాత్రం కొత్త ఫోర్కులు, కొత్త హబ్బులు. పోటీకి వాడుకోవడం తప్పనను. కానీ అసలు ఫ్రేమును కోసి తేలిక చేయడం మాత్రం నేరమే. ఆ పోత మళ్లీ దొరకదు.

మద్రాసు ఎన్‌ఫీల్డ్ వాళ్లు విలియర్స్ ఇంజిన్‌తో చేసిన షేర్పా మోటారు సైకిలు గానీ, ఫాంటాబులస్ స్కూటరు గానీ మీ పెరట్లోనో పాత షెడ్డులోనో పడి ఉంటే, పాత ఇనుముకు వేయకండి. రంగు వేయించే తొందరా వద్దు. ముందు ఇంజిన్ నంబరు రాసి పెట్టుకోండి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి, ట్యాంకు కడిగించి కొత్త పెట్రోల్లో ఆయిలు కలిపి పోయించండి. టూ స్ట్రోక్ తెలిసిన పెద్ద మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉంటే, ఆయన చేతే విప్పించండి. మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.