టేలర్ స్విఫ్ట్ తొలినాటి పాటలు: ‘నువ్వు’లో దాగిన ‘నేను’

అమెరికన్ కంట్రీ సంగీతంలో పాటంటే ముందు కథ. ఆ కథల్లో ఎక్కువగా వినిపించేది పెద్దల బతుకే: కాపురాలు, తాగుడు, కష్టం. 2008లో ‘ఫియర్‌లెస్’ ఆల్బమ్ వచ్చేనాటికి టేలర్ స్విఫ్ట్‌కు పంతొమ్మిదేళ్లు నిండలేదు. బాంజో, ఫిడేలు అవే. కథ మాత్రం హైస్కూలుకు చేరింది.

వీటిలో ‘లవ్ స్టోరీ’కి పేరెక్కువ. రోమియో జూలియట్‌ల విషాదాన్ని అది పెళ్లితో ముగిస్తుంది. వినడానికి హాయే గాని, తండ్రి అంత తేలిగ్గా ఒప్పుకోవడం నమ్మబుద్ధి కాదు.

మీరు ‘ఫిఫ్టీన్’ పాటను గమనించండి. హైస్కూల్లో మొదటి రోజు, కొత్త స్నేహం, కారున్న అబ్బాయి... అంతా ‘నువ్వు’ అంటూ సాగుతుంది. ఎవరికో బుద్ధి చెబుతోందనుకుంటాం. అంతలో ‘నేను’ వస్తుంది. ఆ అబ్బాయినే పెళ్లాడతానని నమ్మింది తానే! తర్వాత స్నేహితురాలి మనసు విరిగితే ఇద్దరూ ఏడుస్తారు. చెప్పే గొంతుకూ వినే పిల్లకూ నడుమ మూడునాలుగేళ్లే తేడా. అందుకే ఇది పెద్దల సుద్దుల్లా ఉండదు. దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. వీటిని ‘చిన్నపిల్లల పాటలు’ అని తోసేసినవారు ఈ ‘నేను’ను వినలేదనిపిస్తుంది. చివర పాట మళ్లీ స్కూలు గుమ్మం దగ్గరికే వస్తుంది. ఈసారి లోపలికి అడుగుపెట్టేది ఎవరో కొత్త పిల్ల.