ఒకే వేషం, రెండు భాషలు

గురుబరపల్లి చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. అందుకే కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగువాళ్ళకు పాత సినిమాల విషయంలో మనకు లేని వెసులుబాటు ఒకటుంది. ‘మాయాబజార్’ను రెండు భాషల్లోనూ చూసి, ఎస్వీ రంగారావు ఎందులో ఎక్కువ మెప్పించాడో వాదులాడుకోగలరు. ఆ వాదన ఉబుసుపోక కబురేం కాదు. ఆనాటి నటన గుట్టంతా అందులోనే ఉంది.

1950ల్లో మద్రాసులో తెలుగు, తమిళ చిత్రాలు జంటగా తీసేవారు. డబ్బింగ్ కాదు, ప్రతి భాషకూ విడిగా నటించాల్సిందే. ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) అలా వచ్చినవే. ‘మాయాబజార్’ రెండింట్లోనూ కృష్ణుడు ఎన్టీ రామారావు, ఘటోత్కచుడు రంగారావు. అభిమన్యుడు మాత్రం తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. సావిత్రి ఇక్కడ శశిరేఖ, అక్కడ వత్సల. ఎదుట ప్రియుడు మారినా కళ్ళల్లో వలపు మారకూడదు. జెమినీ ఆమె భర్త కాబట్టి తమిళంలో ఆ పని కాస్త సులువైందేమో!

మాట సంగతి అంత సులువు కాదు. తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది, ఆ అచ్చు మీద గర్జనను ఎంతసేపైనా నిలపవచ్చు. తమిళ మాట తరచు హల్లుతో తెగుతుంది. అక్కడ ఊపిరి ముందే తీసుకుని, బరువంతా మాట మధ్యలో వేయాలి. రంగారావు రెండు కొలతలూ తెలిసినవాడు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో చివరి వరుస దాకా వినిపించిన గొంతు అది. మైకు ముందు దాన్ని ఎక్కడ దించాలో కూడా నేర్చుకున్నాడు. అంతకుముందే చిత్తూరు రామవిలాస సభ రంగస్థలం మీంచి వచ్చిన నాగయ్య ‘పోతన’, ‘త్యాగయ్య’ (1946)లలో గొంతు తగ్గించి మాట్లాడితే భక్తి ఎలా పండుతుందో చూపించాడు. పద్యనాటకం గొంతు పెంచడం నేర్పితే, నాగయ్య తగ్గించడం నేర్పాడు. నా దృష్టిలో రెండోదే కష్టం.

ఇక ‘దేవదాసు’లో అక్కినేని మత్తుకళ్ళు. రాత్రిపూట షూటింగులు పెట్టించుకుని, పెరుగన్నం తిని, ఆ నిద్రమబ్బునే తాగుబోతు చూపుగా వాడుకున్నానని ఆయనే చెప్పేవారు. చుక్క ముట్టకుండా తాగుబోతుకు కొలమానమైపోయాడు!

అన్నిటికీ మించింది ‘మాయాబజార్’లో సావిత్రి మాయా శశిరేఖ. ఆ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. కాబట్టి సావిత్రి అనుకరించాల్సింది రాక్షసుణ్ణి కాదు, రంగారావును. భుజాలు విరిచి, అడుగు బరువుగా వేస్తుంది. మనిషి ఎదుట పడగానే భుజాలు వాలతాయి, తల వంగుతుంది, సిగ్గు వచ్చేస్తుంది. పరకాయ ప్రవేశమని మనం ఊరికే వాడేసే మాటకు ఇంతకన్నా గొప్ప రుజువు నేను చూడలేదు. తమిళంలోనూ అదే ఆట ఆడింది, అక్కడి ఘటోత్కచుడూ రంగారావే కదా.