మోటారు దీపములకు ఇంకా వెలుగు కావలెనా?

పదవ తరగతి విద్యార్థిని పుటాకార దర్పణము ఉపయోగములు చెప్పమంటే తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటి ఉన్నది: "మోటారు వాహనముల ముందు దీపములలో వాడుదురు." ఉపాధ్యాయుడు మార్కు వేస్తాడు. చాలా పుస్తకములలో బొమ్మ కూడ ఉంటుంది. దర్పణము నాభి వద్ద ఒక చుక్క. ఆ చుక్క నుండి బయలుదేరిన కిరణములు దర్పణము మీద పడి, వెనుదిరిగి, బారులు తీరి సమాంతరముగా ముందుకు సాగిపోతూ ఉంటాయి. ఆ బొమ్మ తప్పు కాదు. కాని అది ఒక్కటే చూచి పెరిగినవాడు, తరువాత కారు కొనుక్కొన్నప్పుడు, చుక్క ఎంత ప్రకాశవంతముగా ఉంటే దారి అంత బాగా కనబడుతుందని అనుకొంటాడు. దుకాణములో అట్టపెట్టె మీద "మూడు రెట్లు వెలుగు" అన్న మాట చూచి నమ్ముతాడు. నేనూ నమ్మినవాడినే. భౌతికశాస్త్రము చెప్పి జీతము తీసికొనేవాడిని కూడ!

ముందుగా ఆ పెట్టె మీది అంకెలను పరిశీలిద్దాము. మన దేశములో ఎన్నో కార్లలో వాడుకలో ఉన్న హెచ్-4 అనే హాలొజన్ బల్బులో రెండు తంతువులు ఉంటాయి. ఒకటి 60 వాట్లది, హై బీముకు. మరియొకటి 55 వాట్లది, డిమ్ముకు. డిమ్ము తంతువు సుమారు 1000 ల్యూమెనుల కాంతిని ఇస్తుంది. దాని స్థానములో అమ్మే ఎల్.ఇ.డి. బల్బు పెట్టె మీద ఇంతకు ఎన్నో రెట్లు పెద్ద అంకె అచ్చు వేసి ఉంటుంది. దాని ప్రక్కనే "6000 కె" అని ఉంటుంది. దీనిని కూడ బలమునకు గుర్తు అనుకొనేవారు ఉన్నారు. అది కేవలము రంగు. హాలొజన్ తంతువు వెలుగు సుమారు 3200 కెల్విన్‌ల వద్ద పసుపుదాళుగా ఉంటుంది, 6000 వద్ద తెల్లగా నీలి ఛాయతో ఉంటుంది. అంతకు మించి ఆ అంకె దారిని గురించి ఏమీ చెప్పదు.

ల్యూమెను మాట వేరు. అది బల్బు అన్ని దిక్కులకూ కలిపి వెదజల్లే కాంతి మొత్తము. రోడ్డు మీద మనకు కావలసినది లక్సు, అనగా ఫలానా చోట ఒక చదరపు మీటరు మీద పడే కాంతి. బావిలో ఎన్ని నీళ్లు ఉన్నవో చెప్పినంత మాత్రాన ఏ మడికి ఎన్ని పారినవో తెలియదు గదా! మొదటిది బల్బు పని, రెండవది దర్పణము పని.

ఐనను ఎక్కువ వెలుగువలన లాభము లేదని నేను అనను. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ 2016 నుండి కార్ల దీపములను రాత్రివేళ రోడ్డు మీదనే కొలిచి తరగతులు ఇస్తున్నది. మొదటిసారి పరీక్షించిన 31 కార్లలో "మంచిది" అనిపించుకొన్నది ఒక్కటే. తరువాత 2021లో ప్రమాదముల లెక్కలు తీసి చూడగా, మంచి దీపములున్న కార్లకు, నాసిరకపు దీపములున్న వాటికంటె, రాత్రివేళ ఒంటరి వాహన ప్రమాదములు 19 శాతము తక్కువగాను, పాదచారులను గుద్దిన ప్రమాదములు 23 శాతము తక్కువగాను తేలినవి. ఇది చిన్న లాభము కాదు. అయితే ఆ సంస్థ "మంచిది" అన్నప్పుడు చూచినది బల్బు బలమును కాదు. దారి ఎంత దూరము వరకు వెలిగినది, మలుపులో ఎంత వెలిగినది అని చూచినారు. ఎదుటివాని కళ్లు చెదిరితే మార్కులు తగ్గించినారు.

దూరము లెక్క చాల చిత్రమైనది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. అడ్డుగా ఉన్నదానిని చూచి బ్రేకు మీద కాలు వేయుటకు ఒకటిన్నర సెకను పట్టిందనుకొంటే, అప్పటికే 33 మీటర్లు పోతాయి. బ్రేకు పడిన తరువాత, సెకనుకు 6 మీటర్ల వంతున వేగము తగ్గుతుందనుకొంటే, మరి 41 మీటర్లు. మొత్తము 74 మీటర్లు. ఇప్పుడు డిమ్ము చూడండి. దీపము నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, వెలుగు పై అంచు నూటికి ఒకటి చొప్పున క్రిందికి వంగి ఉంటే, ఆ అంచు రోడ్డును తాకేది సరిగా 70 మీటర్ల వద్ద. బల్బును రెండింతలు చేయండి, పదింతలు చేయండి, ఎదుటి రోడ్డు మీద ఆ గీత 70 మీటర్లు దాటి పోదు. ఎడమ ప్రక్క మాత్రము అంచు కొంచెము పైకి లేచి ఉంటుంది, రోడ్డు వార నడిచేవారు కనబడవలెనని. మిగిలిన కొత్త వెలుగు అంతా ఎక్కడ పడుతుంది? కారు ముక్కు ముందర. అక్కడ తెల్లని తివాచీ పరచినట్లు ఉంటుంది, కంటికి హాయిగా ఉంటుంది. కాని ఆ తెల్లదనమునకు అలవాటుపడిన కంటికి దూరముగా ఉన్న మసక మరింత మసక. బాగా కనబడుతున్నదన్న ధీమాతో వేగము మాత్రము పెరుగుతుంది.

హై బీముకు ఈ గీత అడ్డము లేదు. అక్కడ విలోమ వర్గ సూత్రము అడ్డము. దూరము రెండింతలైతే వస్తువు మీద పడే కాంతి నాలుగవ వంతు అవుతుంది. కనుక మిగిలిన పరిస్థితులు సమానముగా ఉంటే, వెలుగును రెండింతలు చేసినందుకు కలిగే లాభము రెండింతల దూరము కాదు, 1.41 రెట్లు. మూడు రెట్లు చేస్తే 1.73 రెట్లు.

ఇక బొమ్మలోని చుక్క సంగతి. నిజమైన దీపములో నాభి వద్ద ఉన్నది చుక్క కాదు, కొద్ది మిల్లీమీటర్ల పొడవు గల తీగ చుట్ట. హెచ్-4 బల్బులో డిమ్ము తంతువును నాభికి కొంచెము ముందుకు జరిపి, దాని క్రింద చిన్న లోహపు దొప్ప అమర్చినారు. క్రిందివైపుకు పోయే కాంతిని ఆ దొప్ప ఆపివేస్తుంది. దర్పణము పై సగము మీద పడిన కాంతి మాత్రమే క్రిందికి వంగి రోడ్డు మీదికి పోతుంది. తంతువు స్థానము, పొడవు, దొప్ప అంచు అన్నీ లెక్క వేసి ఆ దర్పణమును తయారు చేసినారు. ఎల్.ఇ.డి. బల్బులో తంతువు లేదు, పలుచని పలక మీద అటు ఇటు అతికించిన చదునైన వెలుగు గళ్లు ఉంటాయి. ఆ వెలుగు తంతువు ఉన్న చోటికి ఒక మిల్లీమీటరు ఇటు అటు అయినా, ఆకారము మారినా, దర్పణమునకు అది వేరే వస్తువు. దర్పణము తన లెక్క ప్రకారము కాక, ఆ కొత్త వస్తువు ప్రకారము వెలుగును విసురుతుంది. జర్మనీలో 2020 నుండి ఇటువంటి కొన్ని బల్బులకు అనుమతి ఇచ్చినారు. కాని ఫలానా బల్బు ఫలానా మోడలు కారులో అని పరీక్షించి జాబితా వేసి ఇచ్చినారు. అన్ని కార్లకూ సరిపోయే బల్బు అని ఇవ్వలేదు.

ఇది నాకు పుస్తకము చదివి తెలియలేదు. పన్నెండేండ్ల పాత కారు నాది. రాత్రివేళ మా ఊరికి పోయే దారి చీకటి. ఎల్.ఇ.డి. బల్బులు వేయించి రెండు వారములు సంతోషముగా తిరిగినాను. ఒకనాడు మా కాలేజీలో తెలుగు చెప్పే పెద్దాయన స్టాఫు రూములో, "ఏమయ్యా, రాత్రి చెరువుకట్ట మీద ఎదురుగా వచ్చింది నీ కారేనా?" అన్నారు. అవునన్నాను. "స్కూటరు దింపుకొన్నానయ్యా మట్టిలోకి. కట్ట అంచు కనబడలేదు. అటు రెండడుగులు వేసి ఉంటే ఇవాళ సెలవు ఇచ్చేవారు మీకు" అని నవ్వినారు. ఆయన నవ్వినారు గాని నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రము కారును కాలేజీ గోడకు సరిగా ఎనిమిది మీటర్ల దూరములో చదునైన నేల మీద నిలిపి, విద్యార్థుల చేత గోడ మీద సుద్దముక్కతో గీతలు గీయించినాను. పాత హాలొజన్ బల్బుతో వెలుగు పై అంచు మోకాలికి కాస్త పైన, గీత గీసినట్లు ఉన్నది. కొత్త బల్బుతో ఆ అంచు చెదిరిపోయినది. మచ్చలు మచ్చలుగా వెలుగు మనిషి ముఖము ఎత్తుకు లేచినది. ఎనిమిది మీటర్లు అన్న అంకె నా కల్పన కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 106వ నిబంధన, దీపమునకు 8 మీటర్ల దూరములో, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలుపరాదని చెబుతున్నది. ఈ ప్రయోగమునకు గోడ, టేపు, సుద్దముక్క తప్ప వేరే పరికరము అక్కరలేదు. ఏ హైస్కూలులోనైనా చేయించవచ్చును.

వెనుక సీటులో నలుగురు, డిక్కీలో బియ్యపు బస్తా వేసి కూడ ఒకసారి చూడండి. వెనుక భాగము దిగి ముక్కు ఒక్క డిగ్రీ లేస్తే, 50 మీటర్ల దూరములో వెలుగు అంచు 87 సెంటీమీటర్లు పైకి పోతుంది. నడుము ఎత్తుకు క్రిందనే ఆగవలసిన వెలుగు, ఎదుటి కారు నడిపేవాని కన్నులదాకా చేరుతుంది. చాల కార్లలో అంచును దించే చిన్న చక్రము డాష్‌బోర్డు మీదనే ఉంటుంది. దాని వాడకము అడిగితే తెలిసినవారు తక్కువ.

కన్ను చెదిరినప్పుడు ఏమి జరుగుతుంది? మిరుమిట్లు అన్నది కేవలము చిరాకు కాదు. కంటిలోని కటకము, దాని వెనుక ఉన్న ద్రవము పూర్తిగా నిర్మలమైనవి కావు. ప్రక్కనుండి వచ్చిన బలమైన కాంతి వాటిలో చెదిరి, నేత్రపటలము అంతటా పలుచని తెల్లని తెరవలె పరచుకొంటుంది. హాలడే 1926లోను, ఆ తరువాత స్టైల్సు, దీనికి ఒక సూత్రము కనుగొన్నారు. కంటి మీద పడే లక్సులను పదితో హెచ్చించి, దీపమునకు మన చూపునకు నడుమ ఉన్న కోణము వర్గముతో భాగిస్తే ఆ తెర ప్రకాశము వస్తుంది. ఎదుటివాని కంటివైపు ఒక్కొక్క దీపము 25 మీటర్ల వద్ద 0.4 లక్సుకు మించి వెలుగు చిమ్మరాదని ఐరోపాలో చాలకాలము నియమము ఉండినది. 50 మీటర్లకు అది 0.1 అవుతుంది. రెండు దీపములకు 0.2. కోణము 3 డిగ్రీలైతే తెర సుమారు 0.22 క్యాండెలాలు, చదరపు మీటరుకు. ముదురు రంగు బట్టలు కట్టిన మనిషి 60 మీటర్ల దూరములో, 3 లక్సుల వెలుగులో ఉంటే, ఆ బట్ట ప్రకాశము 0.1 మాత్రమే. నియమమును పాటించిన దీపముతోనే పరిస్థితి ఇది. అంచు చెదిరిన బల్బు దీనికి పదింతలు చిమ్మితే తెర 2.2 అవుతుంది. 0.1 దానిలో ఎక్కడ వెదకేది? వయస్సుతో ఈ తెర పెరుగుతుంది, డెబ్బది ఏండ్ల కంటికి రెండింతలు. మా తెలుగు మాస్టారు త్వరలో రిటైరు కాబోతున్నారు.

అంటే, నా కారు ముందర నాకు కలిగిన లాభము కొన్ని మీటర్లు. ఎదుటివానికి పోయినది రోడ్డు అంచు, దాని ప్రక్కన నడిచే మనిషి.

నా చిన్నతనములో బస్సుల దీపముల అద్దములకు పైభాగమున నల్లరంగు పూసి ఉండేది. పైకి పోయే వెలుగును ఆపుతుందని దాని ఉద్దేశము. కటకములో సగమును అట్టతో మూసినా ప్రతిబింబము మొత్తము ఏర్పడుతుందని, కాస్త మసకబారుతుందని మనము ప్రయోగశాలలో చూపిస్తాము. ఇక్కడ ఇంకొక తమాషా కూడ ఉన్నది. దొప్ప ఉన్న బల్బులో డిమ్ము వెలుగు అంతా దర్పణము పై సగము నుండే వస్తుంది గదా! అద్దము పై సగమును నల్లగా చేస్తే ఆగిపోయేది ఎవరికీ హాని చేయని డిమ్మే. హై బీము సగము అలాగే ఉంటుంది.

ఎల్.ఇ.డి. వద్దనుకొని 100/90 వాట్ల హాలొజన్ వేయించేవారున్నారు. తంతువు సరియైన చోటనే ఉంటుంది గనుక అంచు చెడదు. కాని అంచు చుట్టూ చిమ్మే వెలుగు కూడ ఆ మేరకు పెరుగుతుంది. పైగా డిమ్ములో 55 వాట్ల చోట 90 వాట్లు అంటే తీగలలో ప్రవాహము 1.64 రెట్లు. వేడిమి ప్రవాహము వర్గమును బట్టి ఉంటుంది గనుక 2.7 రెట్లు. సన్నని తీగ, ప్లాస్టిక్ సాకెట్టు కరిగిన తరువాత గాని ఈ లెక్క చాలమందికి తట్టదు.

అసలు పాత కారులో వెలుగు తగ్గినదంటే బల్బు మీద నేరము మోపే ముందు చూడవలసినవి ఉన్నవి. దీపము ముందరి ప్లాస్టిక్ మూత ఎండకు పచ్చబడి ఉంటే దానిని మెరుగు పెట్టించవలెను. ఆ మసక వెలుగును మింగుటయే కాదు, చెదరగొట్టి మీదికి కూడ చిమ్ముతుంది. తరువాత తీగలు. హాలొజన్ వెలుగు వోల్టేజి 3.4వ ఘాతమును అనుసరించి మారుతుంది. 13.2 వోల్టులు అందవలసిన చోట తుప్పుపట్టిన కనెక్షన్‌వలన 12 వోల్టులే అందితే, నూటికి 28 వంతుల వెలుగు పోయినట్లే. నా కారులో జరిగినది సరిగా ఇదే. మంచి తీగ, రిలే వేయించి, పాత రకము బల్బులే కొత్తవి పెట్టించినాను. ఎల్.ఇ.డి. జతకు పెట్టినదానికంటె తక్కువే అయినది.

ఎల్.ఇ.డి. దీపముల మీద నాకు పగ లేదు. దానికోసమే లెక్క వేసిన దర్పణముతో, కటకముతో కర్మాగారములోనే అమర్చిన దీపము హాలొజన్‌ను మించగలదు. 2007 నుండి అటువంటి డిమ్ము దీపములు కార్లలో వస్తున్నవి. ఇంకా ముందుకు పోయి, కెమెరాతో ఎదుటి కారును కనిపెట్టి, హై బీములో ఆ కారు ఉన్న మేరకు మాత్రమే చీకటి చేసే దీపములు ఐరోపాలో 2013 నాటికే వచ్చినవి. అమెరికా వాటిని 2022లో అనుమతించినది. చాల తెలివైన ఏర్పాటు. కాని ఆ కెమెరా ప్రధానముగా వెదికేది ఎదుటి వాహనము దీపములను. మా చెరువుకట్ట మీద తెల్లవారుజామున పాలక్యానులు కట్టుకొని సైకిలు మీద వచ్చేవారికి దీపము ఉండదు.