ఆర్పానెట్ వైఫల్యముపై రోజెన్ నివేదిక: ఒక పరిశీలన

కంప్యూటరు హఠాత్తుగా బదులు చెప్పుట మానినచో, దానిని ఆపి తిరిగి నడిపించుట అందరికీ తెలిసిన చికిత్స. అది మరల కదలినంతనే కారణము సంగతి మరుగున పడిపోవును. ఈ చికిత్స ఎప్పుడు చెల్లదో, కారణమును ఎంత లోతుగా వెదకవలెనో చూపిన చిన్న నివేదిక 1981లో వెలువడినది. దీనిని వ్రాసినది ఎరిక్ రోజెన్. ఆర్.ఎఫ్.సి. అను సాంకేతిక పత్రముల వరుసలో ఇది 789వది.

నేటి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ 1980 అక్టోబరు 27న కొన్ని గంటలపాటు పనికిరాకుండా పోయినది. ఆ వలలో సందేశములకు దారి చూపు చిన్న కంప్యూటర్లను ఇంపులు అనేవారు. ప్రతి ఇంపు తన లైన్ల స్థితిని తెలుపు వార్తకు వరుస సంఖ్య వేసి పంపేది. అందుకొన్న ఇంపు పాత వార్తను విడిచి, కొత్తదానిని ఉంచుకొని, పొరుగువాటికి అందించేది. సంఖ్యకు ఆరు బిట్లే గనుక 63 తరువాత మరల 0 వచ్చును. కావున 64 గుర్తులుగల గడియారపు ముఖము వంటి చక్రముపై, ముందుకు 32 గుర్తులకు మించని దూరమున ఉన్న సంఖ్యయే కొత్తదని నియమము.

ఆనాడు ఒకే ఇంపు పేర 44, 40, 8 సంఖ్యలతో మూడు వార్తలు వలలో తిరిగినవి. ద్విసంఖ్యామానములో 44 అనగా 101100. అందు ఒక 1 జారి 0 అయినచో 101000, అనగా 40; ఇంకొకటి జారినచో 001000, అనగా 8. చక్రముపై 8 నుండి 40కి 32 గుర్తులు, 40 నుండి 44కు 4, 44 నుండి 8కి 28. అనగా 8 కంటె 40, 40 కంటె 44, 44 కంటె మరల 8 కొత్తవి! ఇంపులు ఈ మూడింటినే ఎడతెగక అందించుకొనుచు, వేరు పనికి తీరిక లేక నిలిచిపోయినవి. ఒక ఇంపును ఆపి నడిపినను, పొరుగువి ఆ వార్తలనే తిరిగి అందించును. ఆ ఇంపు పేర వచ్చు వార్తలను లెక్కచేయవద్దని అన్ని ఇంపులకు సవరణ వేసిన పిమ్మటనే వల కుదుటపడినది.

యంత్రము చెడినదని చెప్పి ఊరకుండకపోవుటయే ఈ నివేదికలోని గొప్పతనము. రెండు బిట్ల తప్పు వలనంతటిని ఎట్లు ముంచగలిగినదని అది ప్రశ్నించును. లైనుపై పోవునపుడు వార్తకు తనిఖీ కలదు. యంత్రపు జ్ఞాపకములో ఉన్నపుడు ఆ రక్షణ లేదు. రోజెన్ పనిచేసిన సంస్థయే ఇంపులను నిర్మించినది. అయినను తమ నియమములోని లోపమును దాచలేదు.

నిపుణులకై వ్రాసినందున ఈ నివేదిక విద్యార్థులకు మొదట కఠినముగా తోచును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై చక్రము గీసి చూపినచో ఆ కష్టము తీరును. నివేదిక చూపిన లోపమునకు తరువాతి నియమావళులలో విరుగుడు కానవచ్చును. 1998 నాటి ఓ.ఎస్.పి.ఎఫ్. నియమావళిలో వరుస సంఖ్యకు 32 బిట్లు. అది చక్రముగా తిరుగదు. తనిఖీ సంఖ్య వార్తను విడువదు. వార్తకు ఆయుర్దాయము ఒక గంట మాత్రమే.

10, 30, 50 సంఖ్యలు కూడ ఇట్టి వలయమగునా? చక్రమునకు బదులు సరళరేఖ అయినచో అట్టి వలయము సాధ్యమా? విద్యార్థులు లెక్కించి చూచినచో, ఆనాటి వైఫల్యము వారికి కరతలామలకమగును.