ఆనందవల్లిని ఎవరడిగారు? – కోటప్పకొండ స్థలపురాణం, స్త్రీవాద కవిత్వం, సమ్మతి ప్రశ్న

వ్యాససంగ్రహం: పల్నాడు జిల్లా కోటప్పకొండ స్థలపురాణంలోని ఆనందవల్లి గర్భవృత్తాంతాన్ని, 1980ల తర్వాతి తెలుగు స్త్రీవాద రచనను పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం ఇది. స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యానికి ప్రజల మద్దతు కూడగట్టే భాష తెలుగులో ఎక్కువగా మాతృత్వ గౌరవం మీద ఆధారపడింది. ఆ భాష సానుభూతిని సంపాదించింది కాని, స్త్రీ సమ్మతిని చర్చకు తేలేదని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: కోటప్పకొండ, ఆనందవల్లి, స్థలపురాణం, పునరుత్పత్తి హక్కులు, స్త్రీవాద కవిత్వం, సమ్మతి.

నరసరావుపేట సమీపాన యల్లమంద వద్ద ఉన్న కోటప్పకొండకు మహాశివరాత్రినాడు లక్షలాది జనం వస్తారు. ‘చేదుకో కోటయ్యా’ అని వారు పిలిచే దేవుడు రుద్రశిఖరాన్ని వదిలి బ్రహ్మశిఖరం మీద ఎందుకు నిలిచాడు? ఈ ప్రశ్నకు స్థలపురాణం ఇచ్చే సమాధానం ఒక గొల్లపిల్ల కథ. ప్రచారంలో ఉన్న కథ స్థూలంగా ఇది. సుందుడనే యాదవుని కూతురు ఆనందవల్లి. చిన్ననాటి నుంచి శివభక్తురాలు. రుద్రశిఖరం మీద జంగమ రూపంలో ఉన్న శివుణ్ణి ఎండనక వాననక ప్రతిరోజూ కొండెక్కి సేవిస్తుంటుంది. ఆమె పట్టుదలను సడలించాలని జంగమయ్య పెళ్లికాని ఆ పిల్లను గర్భవతిని చేస్తాడు. ఆమె సడలదు, నిండు కడుపుతోనూ కొండెక్కుతుంది. చివరకు దేవుడే దిగివచ్చి, నీ వెంట నేనే వస్తాను, వెనక్కి తిరిగి చూడకు, చూస్తే అక్కడే ఆగిపోతానంటాడు. ఆమె దారిలో తిరిగి చూస్తుంది. ఆయన అక్కడే గుహలో లింగమవుతాడు. ఆమె ఆయనలో లీనమవుతుంది. పాఠాంతరాలున్నాయి. కొన్నింటిలో గర్భం కేవలం మాయ.

ఈ కథను భక్తి పరీక్షగా చదవడం మన అలవాటు. పరీక్ష పెట్టినవాడు దేవుడు, నెగ్గినది భక్తురాలు, ఫలం సాయుజ్యం. ఆ చదువులో లోపమేమీ లేదు, శైవ భక్తి కథలన్నీ ఇలాంటి కఠిన పరీక్షలతోనే నడుస్తాయి. కన్నప్ప కన్నిచ్చాడు, సిరియాళుని తండ్రి కొడుకునే ఇచ్చాడు. అయితే ఒక భేదం ఉంది. కన్నప్ప తన కన్ను తానే పెకలించుకున్నాడు. సిరియాళుని కథలో అతిథి అడిగాడు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఆనందవల్లి కథలో అడగడం లేదు, ఇవ్వడమూ లేదు. ఆమె శరీరం మీదే పరీక్ష జరిగింది, ఆ సంగతి ఆమెకు తర్వాతే తెలిసింది.

కథ చెప్పేవారు వాడే క్రియను గమనించాలి. తెలుగులో గర్భధారణకు ఎన్నో పలుకుబళ్లున్నాయి: నీళ్లోసుకుంది, నెల తప్పింది, కడుపు పండింది, కడుపుతో ఉంది. వీటన్నింటిలోనూ కర్త స్త్రీయో, ఆమె కడుపో, ఆమె నెలో అవుతుంది. పురుషుడు వాక్యంలోనే ఉండడు. స్థలపురాణ వాక్యంలో మాత్రం ‘గర్భవతిని చేశాడు’ అని పురుషుడు కర్త, స్త్రీ కర్మ. ఇదే వాక్యాన్ని సంస్కృతం తీసివేసి ఊరి మాటలో చెప్పండి: ‘కడుపు చేశాడు’. ఈ మాట పల్లెల్లో రచ్చబండ దగ్గర పంచాయతీ పెట్టినప్పుడు వినిపించే మాట. అది అభియోగం. ఒకే క్రియ, ఒకే అర్థం. ఒకచోట లీల, మరొకచోట నేరం. కథ చెప్పే నోరు పదాన్ని మార్చడంతోనే వినేవారి న్యాయబుద్ధి పక్కకు తప్పుకుంటున్నది. గుడికి వెళ్లేవారి విశ్వాసం ఈ వ్యాసానికి విచారణాంశం కాదు. ఆ కథను చెప్పే భాషే విషయం.

ఓల్గా ‘విముక్త’ కథలు పురాణ స్త్రీలను మళ్లీ మాట్లాడించాయి. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఆ సంపుటిలో సీత, శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఉన్నారు. అందరూ ఇతిహాస పురాణాల స్త్రీలు, రాజకుటుంబాలవారో ఋషిపత్నులో. స్థలపురాణాల గొల్లభామలు, చెంచితలు, బోయపిల్లలు ఇంకా ఆ గుమ్మం దాటలేదు. పునర్లిఖనం మీద మన విశ్వవిద్యాలయాలలో వచ్చిన పరిశోధన కూడా ఎక్కువగా అదే పరిధిలో ఆగిపోవడం నాకు లోటుగానే కనిపిస్తుంది.

మాతృత్వమనే సిఫార్సు లేఖ

స్త్రీల ఆరోగ్యానికి సమాజం మద్దతు అడిగిన ప్రతిసారీ తెలుగువారు తల్లి పేరుమీదనే అడిగారు. గుంటూరులో పుట్టిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) వైద్యురాలు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన సభ్యురాలు. ఆమె తెలుగులో రాసిన పుస్తకం పేరు ‘ప్రసూతి – శిశుపోషణ’. కానుపు గురించి ఇంటి ఆడవారికి తెలుగులో చెప్పాలనుకోవడమే ఆ కాలానికి పెద్ద సాహసం. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ పేరులోనే ప్రసూతి పక్కన శిశువు ఉన్నాడు. స్త్రీ శరీరం గురించి సభలో మాట్లాడాలంటే చేతిలో బిడ్డ ఉండాలి. ఆ బిడ్డే సిఫార్సు లేఖ. బిడ్డ లేని స్త్రీ, బిడ్డ వద్దనుకున్న స్త్రీ, పెళ్లికాకుండా గర్భం దాల్చిన స్త్రీ ఆ లేఖ లేకుండా ఏ ఆసుపత్రి గుమ్మంలోకి వెళ్లాలి? ఆనందవల్లి ఈ మూడో రకం స్త్రీ అన్న సంగతి మన వ్యాఖ్యానాలు మరచిపోయాయి.

1980లలో స్త్రీవాద కవిత్వం చేసిన పని ఆ సిఫార్సు లేఖను పక్కన పెట్టడం. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ కవితకు తెలుగు పేరు దొరకక కాదు ఆ ఇంగ్లీషు మాట వచ్చింది. ‘పురిటిగది’ అన్నప్పుడు బంధువులు, బాలసారె, ముద్దుముచ్చట గుర్తుకొస్తాయి. ‘లేబర్’ అన్నప్పుడు నొప్పితోపాటు శ్రమ కూడా గుర్తుకొస్తుంది, కూలి లేని శ్రమ. పాటిబండ్ల రజని కవిత పేరు ‘అబార్షన్ స్టేట్‌మెంట్’. స్టేట్‌మెంట్ అనేది పోలీసు స్టేషన్‌లో, కోర్టులో ఇచ్చేది. అక్కడ మాట్లాడేది ఉత్తమపురుష. ఆ మాటకు సాక్ష్యం విలువ ఉంటుంది. స్థలపురాణంలో ప్రథమపురుషలో ‘ఆమె’గా ఉన్న గర్భవతి ఈ కవితల నాటికి ‘నేను’ అయింది. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఇటువంటి గొంతులను ఒకచోట చేర్చింది. ఈ కవిత్వాన్ని అశ్లీలమనీ శరీర కవిత్వమనీ నిందించినవారు, తెలియకుండానే, దాని కేంద్రాన్ని సరిగానే గుర్తించారు. మాతృత్వం గురించి రాస్తే ఎవరూ నిందించరు. శరీరం గురించి రాసినందుకే నింద.

కవిత్వంతో సరిపెడితే సమీకరణ కథ సగమే అవుతుంది. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అదే దశాబ్దంలో మరో రంగంలో పనిచేశారు. 1985లో హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగానికి పేద స్త్రీలను చేర్చారు. ఇది ప్రయోగమన్న సంగతీ, దుష్ఫలితాల సంగతీ వారికి చెప్పలేదన్నది సంఘటన అభ్యంతరం. 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. గర్భనిరోధం వద్దని వారు అనలేదు. చెప్పకుండా చేయవద్దన్నారు. ఈ తేడా నాటి పత్రికలలో చాలామందికి అంతుపట్టలేదు. ఆ అనుభవాల నేపథ్యంలోనే ‘సవాలక్ష సందేహాలు’ అనే స్త్రీల ఆరోగ్య గ్రంథం తెలుగులో వచ్చింది. నా దృష్టిలో ఇది సాహిత్య విమర్శకులు చదవవలసిన వచనం. పేరే చూడండి. ఉపదేశం కాదు, సందేహం. వైద్యుడు చెప్పేది వినే స్త్రీ స్థానంలో అడిగే స్త్రీ వచ్చింది. తెలుగు వచన వికాస చరిత్రలలో దీనికి చోటు లేకపోవడానికి కారణం అది ‘ఆరోగ్య పుస్తకం’ కావడమేనా?

ఆజ్ఞార్థకంలో నడిచిన విధానాలు

రాజ్యం స్త్రీతో ఏ భాషలో మాట్లాడింది? ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అన్న గోడరాత ఒక తరానికి కంఠస్థం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. ఇప్పుడు జనాభా తగ్గుతున్నదని, ఎక్కువమందిని కనమని పెద్దలు సభలలో పిలుపునిస్తున్నారు. ‘కనవద్దు’, ‘కనండి’ అనే రెండు మాటలకూ వ్యాకరణం ఒకటే. రెండూ ఆజ్ఞార్థకాలే. నిన్నటి విధానానికీ నేటి విధానానికీ మధ్య ఎంత దూరమున్నా, ‘నీకు ఏం కావాలి’ అనే ప్రశ్నార్థకం రెండింటిలోనూ లేదు.

ఈ ఆజ్ఞ ఎవరి శరీరం మీద అమలైందో లెక్కలు చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నారు. పురుషుల శస్త్రచికిత్స మీద ఆధారపడినవారు 0.4 శాతం. మన ఊళ్లలో ‘ఆపరేషన్ అయిందా?’ అని అడిగితే ఏ ఆపరేషనో, ఎవరికో వేరే చెప్పనక్కరలేకపోవడం ఈ అంకెల భాషారూపం. 2015–16 సర్వేలో గర్భసంచి తొలగించుకున్న స్త్రీలు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, రాష్ట్రాలన్నింటిలోకీ అధికం. పిల్లలు పుట్టడం పూర్తయిన తర్వాత గర్భసంచి ‘అనవసరపు అవయవం’ అన్న భావన మాతృత్వ స్తుతికి వ్యతిరేకం కాదు, దాని తార్కిక ఫలితం. తల్లి కావడానికే విలువ ఉన్న శరీరానికి ఆ పని అయిపోయాక విలువేముంటుంది?

ఇక్కడ కులం మాట రావాలి. గర్భస్రావానికి అవకాశం కావాలన్నది స్త్రీవాద కవితలలో ప్రముఖంగా వినిపించిన కోరిక. మిరపకోతలకు, పత్తి తీతలకు వెళ్లే కూలి స్త్రీకి ఆ కోరికతోపాటు మరొకటి కూడా ఉంది: గర్భసంచిని నిలుపుకునే హక్కు. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అంటే, జూపాక సుభద్ర తన కవితలో కొంగుకు శ్రమజీవితంలో ఉన్న వేరే అర్థాన్ని చూపించారు. అదే భేదం పునరుత్పత్తి హక్కుల విషయంలోనూ ఉంది. దానిని విమర్శ ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

చట్టం కొంత కదిలింది. 1971 వైద్యపరమైన గర్భస్రావ చట్టం హక్కు భాషలో కాక వైద్యుని అభిప్రాయం చుట్టూ రాసినదే. అయినా వయోజనురాలికి ఆమె సమ్మతి ఒక్కటే చాలునన్నది. భర్త సంతకం అక్కడ లేదు. ఆసుపత్రులలో ఆ సంతకం అడగడం ఆచారం మాత్రమే. 2021 సవరణ ‘భర్త’ ఉన్నచోట ‘భాగస్వామి’ని తెచ్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు 20 నుంచి 24 వారాల గర్భం విషయంలో అవివాహితలను వేరుగా చూడరాదని తీర్పు చెప్పింది. పెళ్లికాని ఆనందవల్లికి స్థలపురాణం సాయుజ్యమిచ్చింది. తీర్పు ఇచ్చినది వేరు: అడిగే స్థానం. కళాశాల తరగతిలో ఈ రెంటినీ కలిపి చదివించవచ్చు, చదివించాలి కూడా.

ప్రభల కింద

ప్రజల మద్దతు కూడగట్టడం అంటే ఏమిటో కోటప్పకొండ తిరునాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఊరంతా చందాలు వేసుకుని, వెదురు కట్టి, పదుల అడుగుల ఎత్తు ప్రభను బండి మీద నిలిపి, రాత్రంతా విద్యుద్దీపాలతో నిలబెడతారు. సినిమా తారలూ రాజకీయ నాయకులూ ఆ వెలుగులో చోటు సంపాదించుకున్నారు. అంతటి సమూహశక్తి ఉన్నచోట గర్భిణి కథ స్థలమూలమై ఉండి కూడా గర్భిణి గురించిన సంభాషణ లేకపోవడం ఆలోచించదగినది. ఈ ప్రాంతంలో కోటయ్యలకు, కోటమ్మలకు, కోటేశ్వరరావులకు కొదవలేదు. పుట్టిన బిడ్డకు దేవుని పేరు పెట్టుకోవడంలో మొక్కు తీరుతుంది. ఆ బిడ్డను మోసినామె నొప్పి గురించి, వద్దనుకుని కూడా మోసినామె గురించి ఏ పేరూ చెప్పదు.

ముద్రిత స్థలపురాణాలు పురోహిత, పండిత సంప్రదాయంలో తయారైనవి. యల్లమంద, కొండకావూరు వంటి ఊళ్లలో స్త్రీలు ఈ కథను ఎలా చెప్పుకుంటున్నారో నమోదు చేయవలసి ఉంది. క్షేత్రపరిశోధకులు అక్కడ మూడు విషయాలు ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది, గర్భం సంగతి చెప్పేటప్పుడు ఏ క్రియ వాడుతున్నారు. రెండోది, అది మాయ అన్న పాఠాంతరాన్ని ఎవరు చెబుతున్నారు, మగవారా ఆడవారా. మూడోది, ఆమె ఎందుకు వెనక్కి తిరిగిందన్నది. దేవుడు వస్తున్నాడో లేదోనన్న అనుమానంతో తిరిగిందని చెబితే అది భక్తిలో లోపం. నడవలేక ఆగి తిరిగిందని ఒక్క స్త్రీ చెప్పినా కథ మారిపోతుంది.