అడితి తెలియని ఊళ్లో వడ్రంగం

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చి, చేత్తో ఒక బల్లో పీటో చేసుకోవాలని ముచ్చటపడేవాళ్లు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. సంతోషం. కానీ వాళ్లు ముందుగా తొక్కే గడప ప్లైవుడ్ షోరూముది. అక్కడ ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కేటలాగు తిప్పుతారు. టేకు కావాలంటే టేకు బొమ్మ అచ్చువేసిన కాగితం చూపిస్తారు. అసలు కలప కావాలంటే ముషీరాబాద్, బోయిగూడ వైపు కలప అమ్మే అడితులకు వెళ్లాలి. కాఫీ ఇవ్వరు. దుమ్ము, రంపపు పొట్టు, రెండు లారీల మధ్య ఇరుకు దారి. అడితి యజమాని మొదట మిమ్మల్ని పట్టించుకోడు కూడా. ద్వారబంధాల బేరాలు నడుస్తున్నచోట ఒక్క పలక కోసం వచ్చిన మనిషి ఎవరికి ఆనుతాడు? పనిదినాన మధ్యాహ్నం వెళ్లండి, కాస్త తీరిగ్గా ఉంటారు. పలకలు తిరగేసి చూడనిస్తే అది మంచి అడితి. ‘అన్నీ ఒకటేనండీ, ఏదైనా తీసుకోండి’ అన్నాడా, పక్క అడితికి నడవండి.

వడ్రంగంలో పనితనం ఉలి పట్టకముందే, చెక్క ఎంచుకునేదగ్గరే మొదలవుతుంది. చేయి తిరిగిన వడ్లాయన పలకల దొంతర ముందు నిలబడితే చూసి తీరాలి. ఆయన పలక ముఖం చూడడు, కొస చూస్తాడు. అక్కడ వలయాలు నిట్టనిలువుగా ఉన్నాయా, వంపు తిరిగి ఉన్నాయా అన్నది ముఖ్యం. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి ఎంత కుంచించుకుంటుందో, వాటికి అడ్డంగా దాదాపు అందులో సగమే కుంచించుకుంటుంది. అందుకే వంపు వలయాల పలక పెనం మీద దోసెలా అంచులు లేపుతుంది, నిలువు వలయాలది ఏళ్లు గడిచినా బల్లపరుపుగా పడుంటుంది. తరవాత పలకను ఒక కొస ఎత్తి, ఒక కన్ను మూసి, అంచు వెంట చూపు పారిస్తాడు. వంకరా మెలీ రెండూ ఆ ఒక్క చూపులో తేలిపోతాయి. జేబులో చాకు తీసి ఓ మూల గీకి వాసన చూస్తాడు. టేకుకి తోలు వాసన లాంటిది ఒకటుంది, వేలికి సన్నటి జిడ్డు తగులుతుంది. ఆఖరున తెల్లచెక్క ఎంతుందో చూస్తాడు. చేవ జోలికి పురుగు అంత తేలిగ్గా రాదు, తెల్లచెక్కను వదిలిపెట్టదు. కొన్నిచోట్ల తెల్లచెక్కకి రంగు పూసి చేవ పక్కన పేర్చి అమ్మేస్తుంటారు. చాకు గీత పడితే ఆ వేషం ఊడిపోతుంది. ఇంత పరీక్షా పూర్తయ్యేసరికి పట్టేది రెండు మూడు నిమిషాలు. ఏ యంత్రమూ ఆ వేగానికి సరితూగదని నా గట్టి నమ్మకం.

ఏ ఊరి టేకు గొప్పదన్నదాని మీద అడితుల్లో రోజూ వాదనలే. బల్లార్షా టేకంటే మేస్త్రీలకి తగని మోజు. బర్మా టేకు పేరు చెబితే పెద్దవాళ్ల కళ్లు మెరుస్తాయి. నేను ఆదిలాబాద్ పక్షం, దాచుకోను. ఘానా అనీ ఈక్వెడార్ అనీ పిలిచే దిగుమతి టేకు చాలావరకు తోటల్లో పెంచి చిన్న వయసులోనే నరికింది. చవక, చూడ్డానికి తీరుగా ఉంటుంది, తెల్లచెక్క మాత్రం దండిగా ఉంటుంది.

కొలత దగ్గర కొత్తవాళ్లు మోసపోతారు. కోసిన పలకకి మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 2 అంగుళాల మందం, 9 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవున్న పలక సరిగ్గా ఒక ఘనపుటడుగు. దుంగ లెక్క వేరు. చుట్టుకొలతలో నాలుగోవంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. చుట్టూ 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు ఉంటే 10 ఘనపుటడుగులని రాస్తారు. నిజానికి అందులో దాదాపు పన్నెండుముప్పావు ఉంటుంది. ఆ తేడా కోతలో పోయే పొట్టుకీ పక్కచెక్కలకీ వదిలిన పాత సర్దుబాటు. ఇంకో మాట, అంగుళం పలక చిత్రిక పట్టాక అంగుళం మిగలదు. పూర్తయిన బల్లకి అంగుళం మందం కావాలంటే అంగుళంబావు అడగాలి.

పాత కలప సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. నగరంలో పాత ఇళ్లు పడగొట్టినప్పుడల్లా దూలాలూ వాసాలూ తలుపులూ పాత సామాన్ల దుకాణాలకి చేరతాయి. తరాల తరబడి ఆరిన టేకు అది, ఇక పెద్దగా కదలదు. కాకపోతే లోపల మేకులుంటాయి. అయస్కాంతం తిప్పి, దొరికిన ప్రతి మేకూ పీకి అప్పుడు మిల్లుకి తీసుకెళ్లాలి. లేకపోతే మిషన్ బ్లేడు విరుగుతుంది, ఆ మిల్లు గుమ్మం మళ్లీ ఎక్కనివ్వరు.

చెక్క ఎంచడం ఎంత పెద్ద విద్యో మహానుభావుల పని చూస్తే తెలుస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒక్క పనస మాను తీసుకుని, కుండా దండీ అతుకు లేకుండా తొలిచి ఏకాండి వీణ చేస్తారు. మాను ఎంపికలో తప్పితే చెక్కిందంతా వృథా. అయోధ్య రామమందిరం తలుపులు తయారైంది బోయినపల్లిలోని అనురాధ టింబర్స్‌లో, బల్లార్షా టేకుతో, తమిళనాడు శిల్పుల చేతుల మీదుగా. మన ఊళ్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇంకొకాయన పరాయి దేశంవాడైనా మనవాడే అంటాను. 1930ల చివర పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ఒక వసతిగృహం కట్టడం మొదలుపెట్టారు. హైదరాబాద్ ప్రధాని సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాం ఇచ్చిన విరాళం అందులో పడింది, అందుకే దానికి గోల్కొండ అన్న పేరు. ఆంటొనిన్ రేమండ్ గీసిన ఆ కట్టడాన్ని దగ్గరుండి కట్టించి, టేకు సామాను రూపుదిద్దినవాడు జార్జ్ నకషిమా. తరవాత రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతివాళ్లను నిర్బంధించిన మినిడోకా శిబిరంలో, గెంటారో హికోగావా అనే వడ్రంగి దగ్గర చేతిపని మెళకువలు నేర్చాడు. దుంగను ఎటునుంచి ఎటు కోయాలో స్వయంగా నిర్ణయించేవాడు. పగులున్న పలకను పారేయలేదు, పగులుకి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు బిళ్ల దించి, దాన్నే అందంగా నిలబెట్టాడు.

ఇక పనిచోటు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రంపం పెడితే పక్కవాళ్లు ఊరుకోరు. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల ఉమ్మడి కార్ఖానా. చెక్కపనికీ అక్కడ చోటుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ అక్కడి చూపంతా కొత్త వస్తువుల నమూనాల మీద. నన్నడిగితే ఉమ్మడి పనిశాల ఎప్పటినుంచో ఉంది, అడితి పక్కనున్న రందా మిల్లే అది. సొంత మిషన్ లేని మేస్త్రీలందరూ అక్కడికే పలకలు మోసుకొస్తారు, అడుగుకింతని ఇచ్చి చదును చేయించుకుంటారు. వరసలో నిలబడ్డ ఆ కాసేపూ పాఠశాలే. బెజ్జంలో దిగే కుసి ఎంత బిగువుగా ఉండాలి, ఆ బెజ్జం ఎంత లోతు దించాలి, ఎవరి పలక ఎందుకు బీటవారింది, అన్నీ చెప్పుకుంటారు. ‘తమ్ముడూ, ఇది పచ్చిది, ఇప్పుడు చిత్రిక పట్టించకు’ అని అడగకుండానే చెప్పే పెద్దాయన ఏ కోర్సులో దొరుకుతాడు?

ఆ మిల్లులు మూతపడుతున్నాయి. కుసి దించడం మానేసి స్క్రూ బిగించడం నేర్చారు కుర్రాళ్లు. తప్పు వాళ్లది కాదు, స్క్రూకి ఇచ్చే కూలే కుసికీ ఇస్తున్న మనది. పొట్టు ముద్దచేసి నొక్కిన బోర్డుతో వంటగది చేయించుకుని, సింకు కింద నీళ్లు కారి అది ఉబ్బగానే, పీకేసి మళ్లీ అదే చేయించుకుంటాం. మరైన్ ప్లైకి ఐఎస్ 710 నాణ్యతా ముద్ర ఉండాలి, ఆ ముద్రకే నకిలీ. పేరు టేకు డోరు, లోపల ఏముందో కోస్తే గాని తెలియదు. ఇది కలపకి చేస్తున్న అవమానం అని నేనంటే మిత్రులు నవ్వుతారు. నవ్వనీ.

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల సాయం ఇస్తోంది. వడ్రంగమూ అందులో ఉంది. పనిముట్లు సరే, వాటిని పెట్టుకుని పనిచేసే చోటేది? ఐటీఐల్లో ఏడాది కార్పెంటర్ ట్రేడ్ ఉంది, బల్లలున్నాయి, మిషన్లున్నాయి, సాయంత్రమయ్యేసరికి చాలావాటికి తాళం పడుతుంది. ఆ తాళం తీయండి. గంటకింతని రుసుము పెట్టండి, పని మానుకుని ఇంట్లో కూర్చున్న వడ్లాయన ఒకరిని జీతమిచ్చి అక్కడ నిలబెట్టండి. ముషీరాబాద్‌కి దగ్గర్లో మొదలుపెడితే మొదటి నెల రుసుము ముందే కట్టేవాళ్లలో నేనుంటాను.